ఒరేయ్ రసమట్టం, నువ్వన్నదే నిజమైంది

ఒరేయ్ రసమట్టం,

ముందు తిట్టుకో. తిట్టుకోవడం అయ్యాక చదువు. నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది, తెలుసు. జవాబు రెండుసార్లు మొదలుపెట్టాను. మొదటిది సగంలో ఉండగా దాని వెనకే కొలతలు రాసుకుని నిచ్చెనెక్కాను, జేబులో తడిసి ముద్దయింది. రెండోది చిన్నాడు పడవ చేశాడు. ఇది మూడోది. ఎవరూ ముట్టుకోకుండా తలుపేసుకుని రాస్తున్నా.

అందరం బాగున్నాం. పెద్దదాని పరీక్షలయ్యాయి, చిన్నాడికి ముందుపన్ను ఊడింది, అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి, ఉద్యోగం ఉంది, జీతం కూడా ఉన్నచోటే ఉంది. ఇక అసలు సంగతి.

గట్టరు. అవును, చూరు కింద వాననీళ్లు పట్టే అదే గట్టరు. నాలుగేళ్ల కిందట నేను సొంతంగా బిగించి, కింద నిలబడి, నడుం మీద చేతులేసుకుని చూసుకున్నది. నువ్వు మెడ ఓరగా వంచి, "ఒరేయ్, అది అటు వాలిందేమో చూడు" అన్నావు. నేనేమన్నానో నాకు గుర్తుంది, నీకింకా బాగా గుర్తుంటుంది. ఫొటో ఫ్రేము తిన్నగా తగిలించడం రానివాడు నాకు చెప్తాడా అన్నాను. ఆ పూటే కదా నీకీ పేరు, మేస్త్రీలు వాలు చూసే పనిముట్టు పేరు, పెట్టింది!

అది అటే వాలింది రా.

హమ్మయ్య, రాసేశాను. ఇప్పుడు మొదటినుంచి చెప్తా, నీ నవ్వు నువ్వు నవ్వుకో.

ఇంటి ముఖం గుర్తుందిగా. ఎడమ చివర కిందికి దిగే గొట్టం, కుడి చివర మా పడగ్గది కిటికీ. మొత్తం 9 మీటర్లు. 3 మీటర్ల జీఐ రేకు (జింకు పూత వేసిన ఇనుము) ముక్కలు మూడు, మధ్యలో అతుకులు రెండు. నీళ్లన్నీ ఎడమకి పోయి గొట్టంలో పడాలి. కిందటేడు వానల్లో కుడివైపు అతుకు దగ్గర ఒక్క చుక్క మొదలైంది. ఒక్క చుక్కే కదా అనుకున్నాను. చుక్క ధారయింది. ధార గోడ పట్టుకుంది. కిటికీ పక్కన సున్నం పొంగి, నొక్కితే వేలు లోపలికి దిగేలా తయారైంది. రాత్రిళ్లు ఆ టప్ టప్ వింటూ పడుకుంటే మన హాస్టల్లో మూడో కుళాయి గుర్తొచ్చేది. దాన్ని ఎవరు పాడుచేశారో ఇప్పటికీ మనిద్దరికే తెలుసు, అలాగే ఉండనీ.

మొదటి వైద్యం చెప్తా విను. సందులు మూసే సిలికాన్ జిగురు ట్యూబు ఒకటి తెచ్చి, తుడవకుండా, ఆరనివ్వకుండా, ఉన్న తుప్పు మీదే బొద్దుగా పూసేశాను. అదొక పులుపు వాసన, ముక్కు మండిపోయింది. ఆ వాసనొచ్చే రకం జీఐ రేకుకి పనికిరాదట. ఆరేటప్పుడు దాంట్లోంచి వచ్చే ఆమ్లం రేకు మీది జింకు పూతని తినేస్తుంది. వాసన లేని రకం, న్యూట్రల్ అంటారు, అది వాడాలి. ఇది నాకు ఎప్పుడు తెలిసింది? పూశాక. రెండో వానకి ఆ సిలికాన్ అంతా పాము కుబుసం విడిచినట్టు చేతికొచ్చింది. నేను ఊరుకున్నానా? ఊడగా మిగిలిన దాని మీద ఇంకో పొర పూశాను. సిలికాన్ మీద ఏదీ అంటదు రా, ఇంకో సిలికాన్ కూడా. అది మొదటి వానకే పోయింది.

అప్పుడు ఒక పనివాణ్ణి పిలిచాం. వచ్చాడు, కింద నిలబడే చూశాడు, నిచ్చెన అడగలేదు. మొత్తం పీకి కొత్తది వేయాలన్నాడు. ఎంతవుతుందో చెప్పాడు. నేను లోపలికెళ్లి మంచినీళ్లు తాగొచ్చాను. నీ చెల్లెలు గడపలో నిలబడి నా మొహమే చూస్తోంది. మళ్లీ కబురు చేస్తామని పంపించేశాం. పాపం అతని తప్పేం లేదులే, నా జేబుదే తప్పు. ఈ ఏడు పెద్దదాని ఫీజు కట్టాక మిగిలింది ఎంతో నీకు చెప్పక్కర్లేదు, పోయిన ఉత్తరంలో నువ్వూ అదే ఏడుపు ఏడ్చావుగా.

పీవీసీ వేసేద్దామా అని కూడా చూశాను. చవక, తేలిక, తుప్పు పట్టదు. కానీ ఎండకి సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. 6 మీటర్ల ముక్క 30 డిగ్రీల తేడాకి దాదాపు ఒక సెంటీమీటరు కదులుతుంది. అతుకుల దగ్గర దానికి చోటు వదలాలి. పైగా పాత రేకుకి కొత్త పీవీసీ అతకాలంటే అక్కడే మళ్లీ కారుతుంది. వేస్తే మొత్తం పీవీసీ వేయాలి, లేదా ఉన్న రేకునే బాగుచేసుకోవాలి. ఉన్నదే, అని నిశ్చయించుకున్నాం. నిశ్చయం నాది కాదు, చెల్లెలిది.

ఒక ఆదివారం నిచ్చెన వేశాను. మొదట గట్టరుకే ఆనించాను, అది సొట్టపడింది, ఆ సొట్ట ఇప్పటికీ ఉంది, నువ్వొస్తే చూపిస్తా. తర్వాత బుద్ధొచ్చి గోడకి ఆనించాను. 4 అడుగుల ఎత్తుకి 1 అడుగు చొప్పున నిచ్చెన కాలు గోడకి ఎడంగా ఉండాలి, అంతకంటే నిటారుగా ఉంటే వెనక్కి పడతాం. చెల్లెలు కాలు పట్టుకుంది. నిచ్చెన కాలు రా. నాది కాదు.

పైకెక్కి చూస్తే గట్టరు కాదది, పొలం. కుడి చివర జానెడు మొక్క మొలిచి ఉంది! ఎండుటాకులు, పెంకుల పొడి, పిచ్చుకలు తెచ్చిన పుల్లలు, అన్నీ కుళ్లి నల్లటి మెత్తటి మట్టి అయిపోయింది. చేత్తో తీస్తే రెండు బకెట్లు. చిన్నాడు ఆ మొక్కని కుండీలో పెట్టాలని గొడవ, పెట్టాడు కూడా. బతికింది. ఏం మొక్కో ఇంకా తెలీదు.

ఎడమ చివర మాత్రం శుభ్రంగా ఉంది, ఒక్క ఆకు లేదు. అప్పుడే నాకు వెలగాల్సింది. వెలగలేదు.

మట్టంతా తీశాక మధ్యలో ఒక మగ్గు నీళ్లు పోశాను. ఈ ముక్క నెమ్మదిగా చదువు. నీళ్లు పడ్డాయి. కాసేపు అక్కడే ఆగాయి, ఎటు పోదామా అన్నట్టు. అందులో గోరంత ఎండుటాకు తునక తేలుతోంది. అది కొంచెం తిరిగింది, ఇంకొంచెం తిరిగింది. తర్వాత మెల్లగా, ఏ తొందరా లేకుండా, కుడివైపు బయల్దేరింది. గొట్టం ఎడమన ఉంది. ఆకు కుడికి పోతోంది.

కింద నుంచి చెల్లెలు, "ఎటు పోతున్నాయండీ?" అంది.

"ఎడమకే" అన్నాను.

"మరి కుడిపక్క చుక్క జోరైందేం?"

నేనేం మాట్లాడలేదు. నిచ్చెన మీద నిలబడి నీ మొహం తలుచుకున్నాను. మెడ ఓరగా వంచిన నీ మొహం. దిగాక కూడా చాలాసేపు మాట్లాడలేదు, నాకు ఒంట్లో బాగోలేదేమో అనుకున్నారు ఇంట్లో.

మర్నాడు మేస్త్రీల పద్ధతిలో సన్నటి పారదర్శకం ట్యూబు తెచ్చి నీళ్లు నింపి, కనపడ్డానికి రెండు చుక్కల సిరా కలిపి, రెండు చివర్లా మట్టం చూశాను. మొదటిసారి వచ్చిన లెక్క అర్థం పర్థం లేదు. ట్యూబులో గాలి బుడగ ఉండిపోయిందట. అది పోయేదాకా తట్టి మళ్లీ చూస్తే తేలింది: కుడి చివర ఎడమ కంటే 15 మిల్లీమీటర్లు కిందికుంది. ఉండాల్సింది దానికి ఎదురు. మీటరుకి 3 మిల్లీమీటర్లు చాలు, 9 మీటర్లకి 27 మిల్లీమీటర్లు ఎడమకి వాలాలి. అంటే నా తప్పు మొత్తం 42 మిల్లీమీటర్లు. నాలుగేళ్ల నా గర్వం నాలుగు వేళ్ల మందం లేదు.

నా పక్షాన ఒక్క ముక్క చెప్పుకోనీ. బిగించిన రోజు ఇంత వంకర లేదు. కొంచెం అటు వాలి ఉంటుంది, నీ కంటికి మాత్రమే ఆనేంత. అక్కడ నీళ్లు నిలిచాయి, నీళ్లలో మట్టి పేరుకుంది, బరువుకి కొక్కేలు వంగాయి, ఇంకాస్త వాలింది, ఇంకాస్త నీళ్లు. చూరు పలక నాని మెత్తబడింది, అందులో మేకులు పట్టు వదిలాయి. 12 సెంటీమీటర్ల వెడల్పు అర్ధచంద్రం గట్టరు నిండితే మీటరుకి అయిదున్నర కిలోల పైమాటే, అది ఉత్త నీళ్లు. తడిమట్టి సంగతి చెప్పక్కర్లేదు.

ఇంకో విశేషం. పెంకులు పేర్చేటప్పుడు పై పెంకు కింది పెంకు మీదికి వస్తుంది కదా, గట్టరు అతుకూ అంతే. నీళ్లు వచ్చే వైపు ముక్క పైన, పోయే వైపు ముక్క దాని అడుగున. అతుకులు నేను సరిగ్గానే వేశాను, ఆ ఒక్క మార్కు నాకెయ్యి. కానీ వాలు తిరగబడేసరికి నీళ్లు ఆ సందులోకే ఎదురొచ్చి దూరాయి. మరి నేను ఎన్ని ట్యూబులు పూస్తే మాత్రం ఆగుతుంది? కారేచోట మందు రాశాను, జబ్బు ఇంకోచోట ఉంది.

పని మూడు ఆదివారాలు పట్టింది. మొదటి ఆదివారం కొక్కేలన్నీ విప్పాను. కుడి చివర చూరు పలక ఒక మీటరు మేర కోసేసి, పాత మంచం పట్టె ఒకటి ఉంటే చిత్రిక పట్టి, అన్ని వైపులా రంగు పూసి వేశాను. వెనకవైపు కూడా పూయాలి, తడి అక్కణ్ణుంచే ఎక్కుతుంది. రెండో ఆదివారం రెండు చివర్లా మేకులు కొట్టి నూలుదారం బిగించి, దాని వెంట కొక్కేలు. కుడి చివర 42 పైకెత్తుదామంటే పెంకు అంచు అడ్డొచ్చింది. అందుకని కుడిని 22 ఎత్తి ఎడమని 20 దించాను, గొట్టం కొంచెం కోయాల్సొచ్చింది. కొక్కేలు ఇదివరకు మీటరుకొకటి పెట్టాను, పిసినారితనం. ఇప్పుడు 60 సెంటీమీటర్లకొకటి. మేకులు కాదు, స్క్రూలు.

మూడో ఆదివారం అతుకు. పాత సిలికాన్ అంతా మొద్దుబ్లేడుతో గీకి, ఇనప బ్రష్షు, తర్వాత ఉప్పుకాగితం, తర్వాత స్పిరిట్ గుడ్డ. రేకు మెరిసేదాకా. సిలికాన్ కొంచెం మిగిలినా వేలికి జిడ్డుగా తగులుతుంది, అప్పుడు మళ్లీ గీకాలి. ఒకచోట తుప్పు తిని వేలు పట్టేంత చిల్లు. దానికి మిగిలిపోయిన జీఐ ముక్కే కోసి లోపలినుంచి మాసిక వేశాను, అంచుల కింద న్యూట్రల్ సీలెంటు, నాలుగు రివెట్లు, రివెట్ల తలల మీదా కాస్త. రాగి ముక్కొకటి ఇంట్లో ఉంది, నిగనిగలాడుతోంది, వేద్దామనిపించింది. వేయలేదు. రాగి, జింకు తడిలో కలిస్తే జింకు తొందరగా పోతుంది. ఒకరోజంతా ఆరనిచ్చాను. ఆ రోజు మబ్బు చూసి నేను పడ్డ బాధ...

ఖర్చు? ఒక ట్యూబు, కొక్కేలు కొన్ని, స్క్రూలు, రివెట్లు, రంగు. ఆ పనివాడు చెప్పిన దాంట్లో పదోవంతు కూడా కాలేదు. నా నడుం నొప్పి లెక్కేయకపోతే.

పోయిన గురువారం రాత్రి వాన పడింది. పడుకున్నవాణ్ణి లేచి టార్చి పట్టుకుని గొట్టం దగ్గర కూర్చున్నాను. మా కప్పు ఈ వైపు 45 చదరపు మీటర్లు, 20 మిల్లీమీటర్ల వాన పడితే 900 లీటర్లు. అవన్నీ ఇన్నాళ్లూ మా గోడ తాగింది రా, కొంచెం తక్కువగా. మొదట గొట్టంలో గలగల. తర్వాత గొంతు నిండా నీళ్లు పుక్కిలించినట్టు చప్పుడు. చెల్లెలు గొడుగు తెచ్చి ఏం అనకుండా నా పక్కన నిలబడింది. నాకెందుకో నాన్న గుర్తొచ్చారు, ఆయన ఏ పని చేసినా అయ్యాక ఒకసారి తట్టి చూసేవారు, గుర్తుందా, నీ సైకిలు కూడా... సరేలే.

అంతా బాగుపడిందని అనుకోకు. అతుకు కారట్లేదు, కానీ కుడి చివర గట్టరు వెనకనుంచి ఒక చుక్క వస్తోంది. అది గట్టరుది కాదు. నీళ్లు పెంకు అంచున జారి పడకుండా పెంకు అడుగు పట్టుకుని వెనక్కి పాకి, పలక మీదుగా దిగుతున్నాయి. పెంకు అంచు కిందనుంచి గట్టరు లోపలికి వంగేలా ఒక సన్న రేకు పట్టీ వేస్తే సరి అనుకుంటున్నా. నీకేమనిపిస్తోంది? ఈసారి నిజంగానే అడుగుతున్నా. వచ్చి ఒకసారి మెడ వంచి చూడరా. ఫొటో ఫ్రేములు కూడా నాలుగు తగిలించాల్సినవి ఉన్నాయి, నీ ఇష్టమొచ్చినట్టు తగిలించు, నోరెత్తను.

మా చెల్లెమ్మకి చెప్పు, ఆ నీలం గొడుగు నా దగ్గర లేదు. నిజంగా లేదు. ఇంతకీ నీ బదిలీ సంగతేమైంది? నువ్వు పోయిన ఉత్తరంలో రాసినదానికి

పెద్దది చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది, ఇప్పుడిస్తే పోస్టులో వేస్తుందట, లేకపోతే మళ్లీ వారం. మిగతాది తర్వాత. ఆ పట్టీ సంగతి మాత్రం మర్చిపోకుండా రాయి, ఎంత వెడల్పు

నీ,
వాలుబాబు
(పేరు చెల్లెలు పెట్టింది. నీకు నవ్వొస్తుందని రాశా.)