రేపటి కేబుల్ ట్రే సపోర్టుల పని
అందరికీ నమస్కారం. రెండో అంతస్తు కారిడార్‌లో రేపు కేబుల్ ట్రే (కేబుళ్లు పరిచే పొడవాటి ట్రే) సపోర్టులు మొదలుపెడుతున్నాం. డ్రిల్ పట్టే ముందు బరువు లెక్క చూసుకోండి. మీటరుకు కేబుళ్లు 40 కిలోలు, ట్రే 5 కిలోలు అనుకుంటే, 1.5 మీటర్లకో సపోర్టు పెట్టినా ఒక్కోదాని మీద 67.5 కిలోలు పడుతుంది. తర్వాత లాగబోయే కేబుళ్లు దీనికి అదనం.

ట్రే జాయింట్ సపోర్టు మీదకు గానీ, రెండు సపోర్టుల నట్టనడుమకు గానీ రానివ్వకండి. సపోర్టు నుంచి, రెండు సపోర్టుల మధ్య దూరంలో పావు వంతు దగ్గర వంపు ఒత్తిడి తక్కువ, అక్కడే రావాలి. బెండ్లు (ట్రే మలుపులు), టీల (ట్రే మూడు వైపులా చీలే జాయింట్ల) దగ్గర 600 మి.మీ. లోపే సపోర్టు ఉండాలి. చాలామంది వదిలేసేది ఇక్కడే.

ఎంత తొందరున్నా స్ప్రింక్లర్ (మంటలార్పే నీటి) పైపులకు ట్రే వేలాడదీయొద్దు. ట్రేను వేలాడదీసేందుకు కోసిన రాడ్ల చివరలకు జింక్ పెయింట్ వేయండి. మొదటి యాంకర్లు (కాంక్రీటులో బిగించే బోల్టులు) బిగించగానే గ్రూపులో ఫొటో పెట్టండి, నేను వచ్చి చూస్తాను.