ఇంజను సంగతి నేనేమీ అడగడం లేదు

పర్లాకిమిడి,
ఆదివారం.

అమ్మలూ,

ఆశీస్సులు. పదిహేను రోజులుగా ఫోను ఎత్తడం లేదు కాబట్టి ఈ ఉత్తరం, ఉసిరికాయ పచ్చడి జాడీ గుణుపురం రైల్లో వస్తున్న కిట్టయ్య చేతికి ఇచ్చాను. జాడీ మూతకు గుడ్డ కట్టింది మీ అమ్మే. నూనె కారి ఉంటే తప్పు కిట్టయ్యది.

ఇక్కడ అందరం కులాసా. అమ్మ మోకాలు మామూలే. వెనకింటివాళ్ల గోడ తగువు ఇంకా తేలలేదు. నువ్వు శ్రీకాకుళంలో పాత సామాన్ల కొట్టు దగ్గర అంబాసిడర్ ఇంజను కొని ఆటోలో వేయించుకుని వెళ్లావని ఎవరో అన్నారు. నేను పట్టించుకోలేదు. మామిడి పూత ఎలా ఉంది? తేనెమంచు పురుగు కనబడుతోందా? పూత మీదున్న తోటలో దున్నే పనే ఉండదు కదా, మరి ఇంజనుకు ఇప్పుడు తొందరేమిటో నాకు అర్థం కాలేదు.

అది జపాన్ ఇసుజు కంపెనీ ఇంజనేనా? అయితే 1817 సీసీ. 70 హెచ్‌పీకి పైమాటే. నువ్వు దాన్ని బిగించబోయే చిన్న ట్రాక్టరు 15 హెచ్‌పీది. నీకు తెలియదని చెప్పడం లేదు, ఐటీఐలో ఫిట్టరు చదివిన పిల్లవు. పెద్ద ఇంజనును నెమ్మదిగా తిప్పుకుంటే ఎక్కువ కాలం మన్నుతుందన్న మాట కూడా ఒప్పుకుంటాను. కానీ పెట్రోలు కారు ఇంజనుకు గవర్నరు, అంటే బరువు మారినా వేగాన్ని తనంతట తానే సర్దే పరికరం, ఉండదు. రోడ్డు మీద ఆ పని మన పాదమే చేస్తుంది. తోటలో నాగలి వేరుకు తగిలితే ఇంజను మూలుగుతుంది, వేరు తెగగానే ఒక్కసారిగా అరుస్తుంది, అంతలో నీ పాదం ఎంతని సర్దుతుంది? రేడియేటరు సంగతీ అంతే. కారుకు ఎదురుగాలి తగులుతుంది, మనిషి నడక వేగంతో పోయే బండికి ఆ గాలి ఎక్కడిది? పెద్ద ఫ్యాను పెట్టాలి. సరే, వదిలేయి. వేళకు తింటున్నావా?

సింహాచలం మామయ్య సంగతి నీకు సగమే తెలుసు. మీ అమ్మ ముందు ఎవరమూ చెప్పం. కాశీనగరం తోట కోసం ఆయన సొంతంగా బండి కట్టాడు. వెనక ఇరుసు జీపుది, ఇంజను అంబాసిడర్‌ది, ముందు చక్రాలు ఎక్కడివో ఆయనకే తెలియాలి. గేరుబాక్సులు రెండు, ఒకదాని వెనక ఒకటి. మొదటిది మూడున్నర రెట్లు, రెండోది మూడు రెట్లు. అంటే ఇరుసు దాకా పోయేసరికి మెలి, అదే తిప్పే బలం, పది రెట్లు దాటిపోతుంది. ఇరుసును తిప్పే చిన్న పళ్లచక్రం, పినియన్, దాని పళ్లు తట్టుకోవని నేను అంటూనే ఉన్నాను, అంటూనే ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్యలో వేసే ప్లేటు లేతు మీద తిప్పి ఇచ్చాను. అందుకు మీ అమ్మ నాతో ఆరు నెలలు సరిగ్గా మాట్లాడలేదు. మొదటి రోజు బండి ఏనుగులా నడిచింది. అప్పటికి మనకు ఇంకా చిన్న రైలే, రెండున్నర అడుగుల పట్టాలు. ఆ రైల్లో పనిచేసే ఆయన ఒకరు వచ్చి చూసి, మా ఇంజను కంటే ఇదే నయం అన్నాడు. ఇక మామయ్యను పట్టేవాళ్లు లేరు. రెండో రోజు పనస మొద్దు పీకుతానన్నాడు. గొలుసు కింది హుక్కుకు కట్టమన్నాను. ఎత్తుగా కడితేనే మొద్దు లేస్తుందని సీటు వెనక, ఇరుసుకు పైన కట్టాడు. మొద్దు కదలలేదు. చక్రాలు దిగబడి ఆగిపోయాయి. ఇంజను ఆగలేదు. ఇక తిరగడానికి మిగిలింది బండే. చిన్న ఇంజనయితే ఆ బరువుకు అక్కడే గుటుక్కుమనేది, అమ్మలూ. ముక్కు పైకి లేచి, రెండు లెక్కపెట్టేలోపు బండి వెల్లకిలా పడింది. మామయ్య పక్కకు దూకాడు కాబట్టి కాలితో పోయింది. షెడ్డు గోడకు ఆ వంకర స్టీరింగు ఎందుకు వేలాడదీశావని నువ్వు చిన్నప్పుడు అడిగేదానివి, గుర్తుందా?

భయపెట్టడానికి రాయలేదు. ఇంకొక్క మాట. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ ఉన్న బండికి ఇష్టం వచ్చినట్టు మార్పులు చేయకూడదు. ఆ బండి గట్టు దాటి రోడ్డెక్కిందంటే, ఏదైనా జరిగితే బీమావాళ్లు ముఖం కూడా చూడరు. వెనక పనిముట్లను తిప్పే పీటీఓ షాఫ్టు తిరుగుతుండగా చున్నీతో దగ్గరికి పోవద్దు. జడ కూడా ముడి వేసుకో. రాత్రిళ్లు షెడ్డులో ఒక్కదానివే వెల్డింగు చేస్తున్నావట, ఇదీ ఎవరో అన్నదే. నల్ల అద్దం లేకుండా చేస్తే కళ్లు ఏమవుతాయో నన్ను చూస్తే తెలియదూ.

పచ్చడిలో ఉప్పు కాస్త ఎక్కువైంది, పెరుగన్నంలోకి బాగుంటుంది. ఉన్ని శాలువా కూడా పంపాను, కప్పుకో, దానితో ఇంజను తుడవకు.

నీ ఇంజనుకూ గేరుబాక్సుకూ మధ్య వేసే ఆ ప్లేటు అక్కడ ఎవరిచేతా తిప్పించకు. నడిమి రంధ్రం వెంట్రుకవాసి పక్కకు పోయినా గేరుబాక్సు బేరింగు నెల తిరక్కుండా పోతుంది. గేరుబాక్సు షాఫ్టు మందం, బోల్టుల మధ్య దూరం, రెండూ సరిగ్గా కూర్చోబెట్టే డోవెల్ పిన్నుల చోటు కాగితం మీద గీసి కిట్టయ్య చేతికి ఇవ్వు. ఫోనులో ఫొటో పంపితే నాకు కనబడదు. అమ్మకు మాత్రం పచ్చడి బాగుందని ఫోను చెయ్యి.

మీ నాన్న