వార్షిక నివేదిక: ఉప్పు బండి ఎత్తు తేలిన ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన నమూనా రైళ్ల సంఘం పని దాదాపు ఒక్క బండి చుట్టూనే తిరిగింది. నౌపడ నుంచి పర్లాకిమిడి వైపు నడిచిన చిన్న లైను (నేరోగేజ్) మీద ఉప్పు మోసిన గూడ్సు వ్యాగన్ అది. 1900లో మొదలైన ఆ లైను 2004లో ఆగింది. పట్టాల మధ్య 762 మిల్లీమీటర్లు. మన నమూనాల 1:87 కొలతలో, అంటే అసలులో 87వ వంతుగా, 8.76 వస్తుంది కాబట్టి కొట్లో దొరికే 9 మిల్లీమీటర్ల పట్టా చాలు. బ్రాడ్‌గేజ్ చేసేవాళ్ల తిప్పలు మీకు తెలిసినవే: 1676కి 19.3 కావాలి, దొరికేది 16.5.

నిరుడు మనం చేసిన నమూనా వ్యాగన్ పెట్టె ఎత్తు మీద అప్పుడే గొడవైంది. ఈసారి ఒక సభ్యుడి మేనమామ గారింట్లో పాత ఫోటో దొరికింది. వ్యాగన్‌ని సరిగ్గా వెనకనుంచి తీశారు. పట్టాల మధ్య దూరమే మన స్కేలు. మొదటిసారి కెమెరాకి దగ్గరగా ఉన్న పట్టాల మీద కొలిచి, అసలు బండి పెట్టె మరీ పొట్టిదని తేల్చేశాం. దగ్గరివి పెద్దగా కనబడతాయన్న సంగతే మరిచాం! చివరి చక్రాల కిందే కొలవాలని ఒక పాలిటెక్నిక్ విద్యార్థి చెప్పాక లెక్క కుదిరింది. మన పెట్టె 4 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తుంది. అసలు బండి మీద అది 35 సెంటీమీటర్లు. గొడవపడ్డవాళ్లదే రైటు, ఒప్పుకుంటున్నాను.

అక్షరాల దగ్గరా తప్పు చేశాం. 1930ల నాటి బండి మీద సౌత్ ఈస్టర్న్ రైల్వే అని రాశాం. ఆ జోన్ పుట్టిందే 1955లో. అంతకుముందు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే, 1952 నుంచి మధ్యలో మూడేళ్లు ఈస్టర్న్. చెరిపి మళ్లీ రాశాం. ఇప్పటి వ్యాగన్లు చేసేవారికి ఒక మాట: పదకొండు అంకెల నంబరులో అయిదు, ఆరో అంకెలు తయారైన సంవత్సరం. ఇష్టమొచ్చిన అంకెలు వేయకండి.

సిరిమానోత్సవం రోజుల్లో మన ప్రదర్శనకి జనం బాగా వచ్చారు. నౌపడ వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన బల్ల మీదకి వంగి చాలాసేపు చూసి, "బస్తాల మీద టార్పాలిన్ ఏది బాబూ? వానొస్తే ఉప్పు మిగుల్తాదేటి?" అన్నారు. మా దగ్గర జవాబు లేదు. మర్నాటికి నల్ల గొడుగు గుడ్డ కత్తిరించి, దారంతో కట్టి కప్పాం. ఆ రోజు ఫోటోలు తీసుకున్నవాళ్లంతా ఆ గుడ్డకే తీసుకున్నారు.

హాలు ఇచ్చిన కల్యాణమండపం వారికి, బల్లలు మోసిన కుర్రాళ్లకి, మూడు రోజులు టీ పంపిన ఎదురు కొట్టు ఆయనకి, పాత బళ్ల సంగతులు ఓపిగ్గా చెప్పిన రిటైర్డు గార్డు గారికి, రాత్రుళ్లు సోల్డరింగ్ వాసన భరించిన మా ఇంటివాళ్లకి ధన్యవాదాలు.

పాత డ్రాయింగుల కోసం ఒక ఆఫీసుకి మూడు ఉత్తరాలు రాశాం, రెండుసార్లు వెళ్లాం. "వచ్చే వారం రండి" అన్నారు. ఆ వారం ఇంకా రాలేదు. నౌపడ ప్రయాణానికి పదిహేడు మంది పేర్లిచ్చారు, స్టేషనుకి వచ్చింది అయిదుగురు. మిగతావారి టిఫిన్ పొట్లాలు కూడా మేమే తిన్నాం.

జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు పంచుతారు. కాస్త లోటుంది, అది పట్టాలు కొన్నందువల్లే.

వెర్నియర్ కాలిపర్ సంక్రాంతి నుంచి కనబడటం లేదు. ఎవరు పట్టుకెళ్లారో అడగను, బీరువాలో పెట్టేస్తే చాలు.

మీ కార్యదర్శి