ఐఐటీలో ఎంఏ ఉందని బీఏ పిల్లలకు ఎవరు చెప్పాలి?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఫలితాలు వచ్చాయంటే చాలు, పేపర్ల జిల్లా పేజీల నిండా ర్యాంకుల ఫొటోలే. నల్లగొండ క్లాక్ టవర్ నుంచి పాలమూరు న్యూటౌన్ దాకా ఏ హోర్డింగ్ చూసినా ఎంపీసీ, బైపీసీ. వాటి మీద హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) అనే అక్షరాలు ఎవరికైనా ఎప్పుడైనా కనిపించాయా? గవర్నమెంట్ జూనియర్ కాలేజీలో హెచ్‌ఈసీ తీసుకున్న పిల్లను ఇంటికొచ్చిన చుట్టం మొదట అడిగేది "ఎంపీసీ ఎందుకు తీసుకోలేదు బిడ్డా" అనే. ఆ పిల్ల కూడా రేపు ఐఐటీలో చదవొచ్చని చుట్టానికి తెలియదు సరే, పాఠం చెప్పే లెక్చరర్లలో కూడా చాలామందికి తెలియదు. అందుకే ఈ ఉత్తరం.

నాది దేవరకొండ వైపు. బీఏ చేసి, ఒక ఐఐటీలో డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఎంఏ చేశాను, అభివృద్ధి మనుషుల బతుకుల్ని ఎలా మారుస్తుందో చదివే కోర్సు అది. ఆ కోర్సు సంగతి సీనియర్ ఒకామె వాట్సాప్ గ్రూపులో పెట్టిన నోటిఫికేషన్ చూస్తే తెలిసింది, కాలేజీలో ఎవరూ చెప్పలేదు.

మనకు దగ్గర్లో, సంగారెడ్డి జిల్లా కందిలో ఉన్న ఐఐటీ హైదరాబాద్‌లోనే లిబరల్ ఆర్ట్స్ విభాగం ఉంది, అక్కడ డెవలప్‌మెంట్ స్టడీస్‌లో ఎంఏ చదవొచ్చు. గువాహటిలోనూ అలాంటి ఎంఏ ఉంది. ఐఐటీ మద్రాసు 2006లోనే ఇంటర్ తర్వాత నేరుగా చేరే ఐదేళ్ల ఎంఏ మొదలుపెట్టింది, ఇప్పుడు దాన్ని రెండేళ్ల ఎంఏగా మార్చేశారు, అంటే ఇంటర్ కాగానే చేరే ఆ దారి మూసేసినట్టే. గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీలో కంప్యూటర్ సైన్స్‌తో పాటు హ్యూమన్ సైన్సెస్ కలిపి చదివే కోర్సు ఉంది కానీ దానికి మళ్లీ ఎంపీసీ కావాలి. ఐఐటీల్లో పీజీ సీట్ల కోసం రాసే గేట్ అంటే ఇంజినీర్ల పరీక్ష అనుకుంటారు గదా, 2021 నుంచి అందులో హ్యుమానిటీస్, సోషల్ సైన్సెస్ పేపర్ కూడా పెట్టారు. బీఏ మూడో సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయొచ్చు. ఎకనామిక్స్, ఇంగ్లీష్, సోషియాలజీ, సైకాలజీ, ఫిలాసఫీ, లింగ్విస్టిక్స్‌లో ఒకటి ఎంచుకోవాలి. మన పిల్లలు ఎక్కువగా చదివే హిస్టరీ, పొలిటికల్ సైన్స్ అందులో లేవు, అది వేరే బాధ.

అక్కడ అంతా బాగుంటుందని చెప్పను. ఎవరు కలిసినా ముందు "ఏ బ్రాంచ్?" అంటారు, ఎంఏ అంటే "ఇక్కడ ఎంఏ కూడా ఉందా" అని ఆశ్చర్యపోతారు. బీటెక్ వాళ్లలో సగంమంది మా సబ్జెక్టుల్ని సులువుగా మార్కులు వస్తాయని తీసుకుంటారు. ప్లేస్‌మెంట్ల సమయంలో మాకు కూడా కోడింగ్ టెస్ట్ లింకే వచ్చింది! ఇంత విసుగున్నా ఆ చదువు అక్కడే చదవాలని నేను ఎందుకంటానంటే, మన జిల్లా కష్టాల్లో సగం ఇంజినీర్ల లెక్కకు అందినవే, అయినా తీరనివి.

నల్లగొండ టెక్నిక్‌నే తీసుకోండి. నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు పటిక, సున్నంతో నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతి కనిపెట్టి దానికి మన ఊరి పేరు పెట్టారు, టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. కెమిస్ట్రీ ప్రకారం తప్పేమీ లేదు. కానీ ఇంట్లో చేయాలంటే రోజూ కొలిచి కలపాలి, తిప్పాలి, తేరేదాకా ఆగాలి, అడుగున మిగిలిన మడ్డి ఎక్కడో పారబోయాలి. కూలికి పోయే ఆడమనిషికి పొద్దున ఆ తీరిక ఎక్కడిది? ఇది అడగాల్సింది సోషల్ సైన్స్ వాళ్లే.

మర్రిగూడ మండలంలో ఒక ఊరికి బీటెక్ వాళ్లూ మేమూ కలిసి సర్వేకు వెళ్లాం. వాళ్ల చేతిలో నీళ్లు పరీక్షించే కిట్, మా చేతిలో ప్రశ్నల కాగితాలు. అరుగు మీద ఫ్లోరైడ్ నీళ్లు తాగి మోకాళ్లు వంకరపోయిన ఒక అవ్వ కూర్చుని ఉంది. ఒక తమ్ముడు నల్లా నీళ్లు పరీక్షించి, ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే ప్రమాదం, ఈ నీళ్లలో అంతకంటే తక్కువే ఉంది, తాగొచ్చు అని చక్కగా చెప్పాడు. అవ్వ అంతా విని, "గవి వాడకానికే బిడ్డా, తాగనీకి ఫిల్టర్ నీళ్లే కొంటం, గీటికి మందు వాసనొస్తది" అంది. ఆ వాసనకు కిట్‌లో పరీక్ష లేదు, మా కాగితంలో గడి లేదు. తర్వాతి ఇంటికి పోయేలోపు పెన్నుతో ఒక గడి గీసుకున్నాం. ఆ రోజు మాలో ఎవరం విడిగా వెళ్లినా ఇది పట్టుకునేవాళ్లం కాదు.

శ్రీశైలం ముంపులో ఊళ్లు పోగొట్టుకున్న పాలమూరు కుటుంబాలు నిర్వాసితులకు సర్కారు కొలువులిస్తామన్న జీవో 98 ఉద్యోగాల కోసం దశాబ్దాలుగా తిరిగాయి. డ్యామ్‌లో ఎన్ని టీఎంసీలున్నాయో రోజూ పేపర్లో వస్తుంది, ఆ ఊళ్ల వాళ్లు ఇప్పుడెక్కడ ఎలా ఉన్నారో లెక్క తీయాలంటే గణాంకాలూ తెలియాలి, మనుషులతో మాట్లాడడమూ తెలియాలి. ఆ పని కొల్లాపూర్ పిల్ల చేస్తే ఒకలా ఉంటుంది, ఢిల్లీ నుంచి వచ్చినవాళ్లు చేస్తే ఇంకోలా ఉంటుంది.

ఇక భాష. ఇంజినీరింగ్ కోసం రాసే జేఈఈ మెయిన్ 2021 నుంచి తెలుగులో రాయొచ్చు. గేట్ సోషల్ సైన్స్ పేపర్ మాత్రం ఇంగ్లీష్‌లోనే. లెక్కల పేపర్‌కు తెలుగు ఇచ్చి, సమాజం గురించి రాసే పేపర్‌కు ఇవ్వకపోవడం ఏం న్యాయం? అది మారేలోపు మహాత్మాగాంధీ యూనివర్సిటీ, పాలమూరు యూనివర్సిటీ తమ బీఏ పిల్లలకు ఆఖరు ఏడాదిలో ఇంగ్లీష్ చదవడం, రీజనింగ్, కొంచెం స్టాటిస్టిక్స్ మీద ఉచితంగా క్లాసులు పెట్టొచ్చు. బిల్డింగులు కొత్తవి అక్కర్లేదు, సాయంత్రం ఒక గది, ఇద్దరు లెక్చరర్లు చాలు.

మిమ్మల్ని కోరేది కూడా ఒకటుంది. గేట్ దరఖాస్తులు మామూలుగా ఆగస్టు, సెప్టెంబర్‌లలో మొదలవుతాయి. ఆ నోటిఫికేషన్‌లో సోషల్ సైన్స్ పేపర్ వివరాలు తెలుగులో, ర్యాంకుల ఫొటోలకు ఇచ్చే చోటులో పదో వంతైనా సరే, జిల్లా పేజీలో వేయండి. కత్తిరించి డిగ్రీ కాలేజీల నోటీసు బోర్డులకు అంటించే పని మాది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
దేవరకొండ, నల్లగొండ జిల్లా