సున్నం గోడకి సిమెంటు వద్దురా

ఒరేయ్ శ్రీనూ,

మీ ఊరి పాత తాలూకా కచేరీ బాగుచేయించే పని నీ నెత్తిన పడిందన్నమాట! ఎస్టిమేట్ వేసే ముందు ఓసారి హైదరాబాదు వచ్చి కోఠీ రెసిడెన్సీ చూసిపో. నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధి (రెసిడెంటు) కిర్క్‌పాట్రిక్ కాలంలో, 1803 ప్రాంతంలో మొదలైన కట్టడం. 1949లో అందులోకి ఆడపిల్లల కాలేజీ వచ్చింది. 2002లో, పాత కట్టడాల్ని కాపాడే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ వాళ్ల ప్రమాదపు జాబితాకెక్కింది. ముందున్న ఆరు స్తంభాలూ దూరానికి రాతివనిపిస్తాయి గానీ, ఇటుక మీద సున్నం పనే.

అలాంటి గోడలకి మనవాళ్లు చేసే మొదటి అపచారం సిమెంటు పూత. ఇటుక పీల్చిన తడి సున్నంలోంచి బయటికి పోతుంది. సిమెంటు దాన్ని లోపలే బిగబట్టేస్తుంది. ఆ తడిలోని ఉప్పు ఇటుకలోనే గడ్డకట్టి పొరలు పొరలుగా రాలగొడుతుంది. పైకి చూస్తే పూత నిక్షేపంగా ఉంటుంది, తట్టావంటే డొల్ల చప్పుడు. అలాంటి చోట బ్రేకర్ మిషను పెట్టనివ్వకు, ఉలీ సుత్తితోనే తీయించు. దర్జులు, అంటే ఇటుకల మధ్య సందులు, 15, 20 మిల్లీమీటర్ల లోతు గీకించు.

అయితే గోడ జోలికి వెళ్లేముందు మిద్దె ఎక్కు. నీళ్లు ఎక్కడినుంచి దిగుతున్నాయో ఆపకుండా ఎంత పూసినా దండగే. తూములు శుభ్రం చేయించు. దూలాల కొసలు గోడలో దూరిన చోట స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడు. మెత్తగా దిగిందా, పుచ్చిపోయినట్టే. రావిమొక్కని మాత్రం పీకొద్దు, వేరుతోపాటు ఇటుకలూ వస్తాయి. మొదలు కోసి, వేరు చచ్చాక తీయించు.

ఇక సున్నం. తొట్టిలో ముందు నీళ్లు, తర్వాత కాల్చిన సున్నపురాళ్లు. తిరగేశావో ఎగిరి మొహాన పడుతుంది, కళ్లద్దాలు తప్పనిసరి. జల్లెడ పట్టి, పైన నీళ్లు నిలిచేలా కనీసం మూడు వారాలు నాననీ. తర్వాత ఒక పాలు సున్నానికి మూడు పాళ్ల ఇసుక వేసి సున్నం రుబ్బే గానుగలో పట్టాలి. తడి తగిలే చోట ఇసుకలో కొంత తగ్గించి సుర్కీ (ఇటుక పొడి) వేయి. సున్నంలో బెల్లం, కరక్కాయ నీళ్లు కలపడమంటే మన మేస్త్రీలకి మహా సరదా. బెల్లం మితిమీరితే గట్టిపడటమే ఆలస్యమవుతుంది. చదరపు మీటరు ముక్క పూయించి చూశాకే పాళ్లు ఖాయం చెయ్యి.

ముందురోజే గోడ తడపాలి. ఒక్కో పొర 10, 12 మిల్లీమీటర్లు, అంతే. ఒకేసారి మందంగా దట్టిస్తే పగుళ్లే. తడి గోనెపట్టాలు కట్టి రెండు వారాలు ఎండ తగలనీయకు. త్వరగా ఆరితే వేలితో రుద్దినా పొడి రాలుతుంది. సున్నం గాలి పీల్చి రాయవుతుంది కాబట్టి ప్లాస్టిక్ రంగులు వద్దు, వెల్ల చాలు.

టెండర్లో ఇవన్నీ రాయించు, గానుగ సైటులోనే ఉండాలని కూడా. లేకపోతే కాంట్రాక్టరు బస్తా పొడి తెచ్చి, గుప్పెడు సిమెంటు కలిపి, "ఇదీ సున్నమే కద సార్" అంటాడు. ఎస్టిమేట్ తయారయ్యాక పంపు, చూస్తాను.

నీ
రాఘవ