ఉర్బీనోలో నాకు తోడు వచ్చినావిడకు కృతజ్ఞతలు

నివాస అనుమతి కోసం వేలిముద్రలు ఇచ్చి ఇప్పుడే గదికి చేరాను. ఒళ్ళంతా పులిసిపోయింది, అయినా ఈ నాలుగు మాటలు రాయకుండా పడుకోలేను.

ఎక్స్ఛేంజి విద్యార్థినిగా ఒక్క సెమిస్టరు కోసం హైదరాబాదు నుంచి ఇటలీలోని ఉర్బీనోకు వచ్చాను. చిత్రకారుడు రఫాయెల్ 1483లో పుట్టిన ఊరు ఇది. ఇక్కడి విశ్వవిద్యాలయం 1506 నాటిది. ఊరికి రైలు లేదు. ఉన్న ఒక్క లైనూ 1987లో మూతపడింది. సముద్రం ఒడ్డునున్న పేసరోలో రైలు దిగి బస్సెక్కితే, కోటగోడ కింద బోర్గో మెర్కతాలెలో దింపుతుంది. అక్కడి నుంచి ఏ వీధికి వెళ్ళాలన్నా ఎక్కుడే. ఊరు ఎంత అందమైనదో మరోసారి రాస్తాను.

ఈ దేశంలో అడుగుపెట్టిన 8 పనిదినాల లోపు అనుమతికి దరఖాస్తు పెట్టాలి. పోస్టాఫీసులో ఇచ్చే కవరులో ఫారాలన్నీ ఇటాలియనులోనే ఉన్నాయి. దానికి అంటించే 16 యూరోల రెవెన్యూ స్టాంపును పొగాకు దుకాణంలో కొనాలని నాకెవరూ చెప్పలేదు. ఆ కాగితాలు పట్టుకుని దిక్కుతోచక నిలబడితే, వరుసలో నా వెనకున్నావిడ తన వంతు వదులుకుని నన్ను పక్కనున్న బల్ల మీద కూర్చోబెట్టింది. మా పిన్ని వయసుంటుంది. అల్బేనియా నుంచి పాతికేళ్ళ కిందట వచ్చిందట, ఇళ్ళు శుభ్రం చేసే పని చేస్తుంది. ఒక్కొక్క గడి మీద వేలు పెట్టి, నా పాస్‌పోర్టు చూసి, ఏది ఎక్కడ రాయాలో చూపించింది. స్టాంపు కొనడానికీ తానే వెంట వచ్చింది. ఎందుకమ్మా ఇంత శ్రమ అని ఫోనులో అనువదించి అడిగితే, "నేను వచ్చినప్పుడు నాకు చూపించినవాళ్ళు లేరు" అంది.

అంతటితో ఊరుకోలేదు. ఈ రోజు వేలిముద్రల కోసం పని మానుకుని నాతో పేసరో దాకా వచ్చింది. ఒక పూట కూలి పోతే ఆవిడకు ఎంత లోటో నాకు తెలుసు. మధ్యాహ్నం సంచిలోంచి క్రెష్షా తీసింది. మన పరోటాలా పొరలు పొరలుగా ఉండే ఈ ఊరి రొట్టె. అందులో పంది కొవ్వు వేస్తారు కాబట్టి నేను ముట్టనని ఎప్పుడో మాటల్లో చెప్పాను. అది గుర్తుపెట్టుకుని, నా కోసం ఇంట్లో ఆలివ్ నూనెతో చేసి తెచ్చింది. ఇల్లు వదిలి వచ్చినప్పుడు కూడా ఏడవని నేను అక్కడ బెంచీ మీద కూర్చుని వెక్కివెక్కి ఏడ్చాను. ఆవిడ ఏమీ అడగలేదు. ఇంకో ముక్క తుంచి నా చేతిలో పెట్టింది.

కోపం కూడా ఉంది, దాచుకోను. ఒక్క సెమిస్టరు చదివి వెళ్ళిపోయే పిల్లలకు ఇంత తిరుగుడు ఎందుకు? రుసుములన్నీ కలిపితే నూరు యూరోలు దాటాయి. కార్డు చేతికొచ్చే వేళకు తిరుగు ప్రయాణానికి పెట్టె సర్దుకోవాలేమో! అప్పటిదాకా పోస్టాఫీసు రసీదే నాకు ఆధారం. మమ్మల్ని పంపించే కళాశాలలైనా ఈ సంగతులు ఒక కాగితం మీద తెలుగులోనో ఇంగ్లీషులోనో రాసిస్తే ఏం పోయింది? దారిన పోయే మనిషి దయ మీద ఆధారపడే ఏర్పాటు ఏర్పాటే కాదు.

అమ్మకూ నాన్నకూ అన్నయ్యకూ వేరే చెప్పాలా, వాళ్ళు ఉన్నారనే ధైర్యంతోనే వచ్చాను.

అయ్యో, బొలోనా నగరంలో చదువుతున్న విజయవాడ అబ్బాయిని మరిచాను. కుక్కరూ సగం బస్తా బియ్యమూ రైల్లో మోసుకొచ్చి ఇచ్చాడు. చిల్లర లేకపోయినా బస్సు టికెట్టు ఇచ్చి రేపు ఇవ్వమన్న పొగాకు దుకాణం పెద్దాయనకూ దండాలు. పక్క గది టర్కీ అమ్మాయికి కూడా. హీటరు పనిచేయని రాత్రి తన రెండో దుప్పటి నాకు ఇచ్చింది, అది ఇంకా నా దగ్గరే ఉంది, రేపు ఉతికి ఇస్తాను.