అమ్మ కాలు దక్కింది, అందరికీ కృతజ్ఞతలు

అమ్మ ఆపరేషన్ సంగతి తెలిసి ఫోన్లు చేసినవాళ్లకు, చేబదులు సర్దినవాళ్లకు, హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఆసుపత్రి దాకా క్యారియర్లు మోసుకొచ్చినవాళ్లకు పేరుపేరునా నమస్కారం. నిన్న చివరి రిపోర్ట్ వచ్చింది. కోసి తీసిన భాగం అంచుల్లో ఎక్కడా జబ్బు లేదు. కాలు దక్కింది.

"కాలి పుండుకు క్యాన్సర్ ఆసుపత్రి ఎందుకు?" అని చాలామంది అడిగారు. ఆ టెన్షన్‌లో ఎవరికీ సరిగ్గా చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

చిన్నప్పుడు కట్టెల పొయ్యి దగ్గర లంగాకు నిప్పంటుకుని అమ్మ ఎడమ కాలు మోకాలి కింద కాలింది. ఆ మచ్చ ముడతలు పడి, బిగుసుకుపోయి, మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలాగే ఉంది. నిరుడు మంచంకోడు తగిలి సరిగ్గా అక్కడే చర్మం చీలింది. ఇక మానదు. నాలుగు రోజులు ఎండినట్టే ఉంటుంది, మళ్లీ చీము, వాసన. షుగర్ పుండన్నారు, పరీక్ష చేయిస్తే షుగర్ లేదు. ఆయింట్‌మెంట్లు మారాయి, యాంటీబయాటిక్స్ మారాయి. చివరికి అంచులు లేచి కాలీఫ్లవర్‌లా తయారైంది, ముట్టుకుంటే రక్తం.

అందరికంటే ముందు నల్గొండలో చూసిన చర్మవ్యాధుల డాక్టరమ్మకు దండం. కట్టు విప్పగానే "ఇది కాలిన మచ్చేనా?" అని అడిగారు. "ఇంకో ఆయింట్‌మెంట్ రాయనమ్మా, ముక్క పరీక్ష చేయాల్సిందే" అన్నారు. ముక్క తీస్తే క్యాన్సర్ పాకుతుందని చుట్టాల్లో సగం మంది బెదరగొట్టారు. అలా ఏమీ కాదని ఆమె అమ్మను కూర్చోబెట్టి చెప్పారు. మొద్దుబారడానికి సూది వేసి, లేచిన అంచు నుంచి చిన్న ముక్క తీశారు. పుండు మధ్యలో కుళ్లిన కండే ఉంటుందట, అక్కడ తీస్తే జబ్బు దొరక్కపోవచ్చట.

రిపోర్ట్‌లో స్క్వామస్ సెల్ కార్సినోమా అని వచ్చింది. చర్మం పైపొరలో పుట్టే క్యాన్సర్. పాత కాలిన మచ్చల్లో వస్తే మార్జోలిన్ అల్సర్ అంటారు. 1828లోనే ఓ ఫ్రెంచి సర్జన్ ఇలాంటి పుండ్ల గురించి రాశాడట, ఆయన పేరే పెట్టారు. కాలిన ముప్పై, నలభై ఏళ్లకు కూడా రావచ్చని విన్నప్పుడు అమ్మ నవ్వింది. "పొయ్యి ఇంకా నా మీద పగ పట్టే ఉందన్నమాట."

తర్వాత వెళ్లిన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో మోకాలి దగ్గర తీసేయాలన్నారు, పూర్తి స్కాన్ కూడా చూడకుండానే. ఆ రాత్రి ఇంట్లో ఎవరూ తినలేదు. హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి తీసుకుపోండని పట్టుబట్టిన మా మేనమామకు ఈ జన్మంతా రుణపడి ఉంటాం. అక్కడ ముందు ఎముక చూశారు. ఎక్స్‌రే, ఎంఆర్ఐలో ఎముకకు అంటలేదని తేలింది. గజ్జల్లో బిళ్ళ తగిలింది, జబ్బు అక్కడికి పాకిందేమోనని మాకు గుండె జారింది. సన్న సూదితో అందులోని కణాలు లాగి పరీక్షిస్తే అది పుండు ఇన్‌ఫెక్షన్ వల్ల వాచినదే. అప్పుడు సర్జన్ గారు "కాలు తీయక్కర్లేదు" అన్నారు. ఆ మాటకు ఏమిచ్చి రుణం తీర్చుకోగలం?

నడుముకు మత్తు ఇచ్చి, పుండు చుట్టూ రెండు సెంటీమీటర్ల మంచి చర్మంతో సహా తీసేశారు. తొడ నుంచి పలచని తోలు తీసి అక్కడ అతికించారు. అమ్మకు అతికించిన చోట కంటే తొడ మంటే ఎక్కువ బాధపెట్టింది. మొదటి కట్టు విప్పేటప్పుడు సిస్టర్ గాజుగుడ్డను సెలైన్‌తో తడుపుతూ, ఒక్కో పొరా వేలితో నొక్కి పట్టుకుని తీశారు, కొత్త తోలు దాంతో పాటు ఊడకుండా. అమ్మ మూలుగుతుంటే కోడలు ఏం వండుతుందని కబుర్లు చెప్పించారు. కింద గులాబీ రంగు కనిపించగానే "పట్టుకుందమ్మా" అన్నారు. సిస్టర్, ఆ మాట మాకు పండగ.

మేం ముఖం చూడని ల్యాబ్ డాక్టర్లకు కూడా థ్యాంక్స్. అంచులు మైక్రోస్కోపు కింద పెట్టి, క్లియర్ అని వాళ్లు తేల్చబట్టే రేడియేషన్ అక్కర్లేదన్నారు. ఆరోగ్యశ్రీ కౌంటర్‌లో ఆధార్‌లో ఒకలా, రేషన్ కార్డులో ఒకలా ఉన్న అమ్మ పేరుతో కుస్తీ పట్టిన తమ్ముడికి కూడా. ఆపరేషన్‌కు మా చేతి నుంచి పైసా పడలేదు.

సర్జన్ గారు చెప్పమన్నవి రెండు మాటలు. లంగా బొందు ఒరుసుకుని నడుము దగ్గర నల్లబడి పుండు పడి మానకపోతే చూపించుకోవాలట, అక్కడా ఈ క్యాన్సర్ రావచ్చు. అరికాలిలో, గోటి కింద కొత్తగా నల్లమచ్చ పెరుగుతున్నా అంతే, మనలాంటి ఛాయ వాళ్లకు మెలనోమా అనే ఇంకో రకం చర్మ క్యాన్సర్ ఎక్కువగా వచ్చేది అక్కడే.

మూణ్ణెల్లకోసారి గజ్జలు చూపించుకోవాలి, ఆ తేదీలు క్యాలెండర్‌లో రాసేశాం. ఇన్నాళ్లూ మా బర్రెకు నీళ్లు, మేత చూసిన పక్కింటి పెద్దమ్మా, పాలు మీరే వాడుకొమ్మంటే వినకుండా డెయిరీలో పోసి లెక్క రాసిపెట్టావు, నీకేం చెప్పను. వాకర్ ఇచ్చిన అన్నా, ఇంకో నెల మా దగ్గరే ఉండనీ.